ఏ అంకె మీద ఉన్నవ్ బిడ్డా?

జడ్చర్లకూ నాగర్‌కర్నూల్‌కూ నడుమ ఉన్న మండల కేంద్రం తిమ్మాజిపేట. అక్టోబరు, నవంబరు వచ్చేసరికి ఇక్కడ పదో తరగతి పిల్లల మీద మూడు బరువులు ఒకేసారి పడతాయి. చేలల్లో పత్తి ఏరే కాలం అది. వలస పోయే ఇళ్లలో అమ్మానాన్నలు మూటాముల్లె సర్దుకునే కాలమూ అదే. పొద్దున గంట ముందు రావాలి, సాయంత్రం గంట ఆలస్యంగా పోవాలి అంటూ బడిలో ప్రత్యేక తరగతులు మొదలయ్యేదీ అప్పుడే. ఇంట్లో తమ్ముణ్ని చూసుకోవాలి, చేన్లో నాయనమ్మకు ఆసరా కావాలి, బడిలో నిన్నటి లెక్కలు అప్పజెప్పాలి. వీటిలో ఏది ముందో ఏది వెనకో పదిహేనేళ్ల పిల్లకు తోచదు. హోంవర్క్ ఏదమ్మా అంటే తల దించుకుంటుంది. రెండోసారి అడిగితే కళ్లనీళ్లు పెట్టుకుంటుంది. మూడోసారి అడుగుదామంటే బడికే రాదు. ‘నాతోని గాదు సారూ’ అన్న మాట వెనక ఎంత రంది ఉందో ఉపాధ్యాయులకు తెలియక కాదు. పీరియడ్‌కూ పీరియడ్‌కూ మధ్య దొరికే పది నిమిషాల్లో ఆ పిల్లతో ఏం మాట్లాడాలో వారికి ఎవరూ నేర్పలేదు. ఆ పది నిమిషాలను పద్ధతిగా వాడుకోవచ్చని, దానికి మనస్తత్వ శాస్త్రంలో నలభై ఏళ్లకు పైబడిన అనుభవం ఉందని, అది పాలమూరు (ఉమ్మడి మహబూబ్‌నగర్) బడికి సరిపోతుందని చెప్పడమే ఈ కథనం ఉద్దేశం.

ఇది ఒక్క మండలం బాధ కాదు. ఎన్‌సీఈఆర్‌టీ 2022లో వెలువరించిన సర్వేలో 6 నుంచి 12 తరగతుల దాకా చదివే 3.79 లక్షల మంది పిల్లలు పాల్గొన్నారు. చదువు, పరీక్షలు, ఫలితాలే తమ ఆందోళనకు కారణమని వారిలో 81 శాతం చెప్పారు. జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్క ప్రకారం 2022లో దేశవ్యాప్తంగా 13,044 మంది విద్యార్థులు ప్రాణాలు తీసుకున్నారు. తెలంగాణకైతే 2019 ఏప్రిల్ ఇంకా మానని గాయం. ఆ నెల 18న ఇంటర్ ఫలితాలు వచ్చాయి. తెలుగులో 99 మార్కులు రావాల్సిన ఒక అమ్మాయికి సున్నా పడేంతగా ఆ ఫలితాలు తప్పులతడక. ఆ తర్వాతి రోజుల్లో ఇరవై మందికి పైగా విద్యార్థులు చనిపోయారు. తప్పు ఎక్కడ జరిగిందో విచారించడానికి కమిటీ వేశారు, ఫెయిలైన వారి జవాబు పత్రాలన్నీ రుసుము లేకుండా మళ్లీ పరిశీలించారు. అవన్నీ జరగాల్సినవే. కానీ ఫలితం చూసుకున్న పిల్లకూ మర్నాటికీ మధ్య ఆమెతో మాట్లాడే పెద్దమనిషి ఒకరు ఉండాలన్న ఆలోచన మాత్రం మన విద్యావ్యవస్థలో అప్పటికి గట్టిగా నాటుకోలేదు.

ఇప్పుడు ఆ ఆలోచనకు సుప్రీంకోర్టు ఆదేశం తోడైంది. విశాఖపట్నంలో నీట్‌కు సిద్ధమవుతూ 2023 జులైలో మరణించిన 17 ఏళ్ల విద్యార్థిని కేసులో, 2025 జులై 25న జస్టిస్ విక్రమ్‌నాథ్, జస్టిస్ సందీప్ మెహతాల ధర్మాసనం పదిహేను మార్గదర్శకాలు ఇచ్చింది. చట్టం వచ్చేదాకా ఇవే అమల్లో ఉంటాయంది. వంద మంది లేదా అంతకు మించి విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థలో అర్హత గల కౌన్సెలర్ గానీ, మనస్తత్వ నిపుణులు గానీ, సామాజిక కార్యకర్త గానీ కనీసం ఒకరుండాలి. అంతకన్నా చిన్న సంస్థలు బయటి నిపుణులతో అధికారికంగా అనుసంధానం పెట్టుకోవాలి. సిబ్బందికి ఏడాదికి రెండుసార్లయినా శిక్షణ ఇవ్వాలి. మార్కులను బట్టి పిల్లలను బ్యాచ్‌లుగా విడగొట్టడం, పదిమందిలో అవమానించడం మానాలి. కేసు పుట్టింది కోచింగ్ నగరంలోనే అయినా ఆదేశం పల్లె హైస్కూలు గడప దాకా వచ్చింది. అయితే మనుషులు ఎక్కడి నుంచి వస్తారు? 2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే నాటికి దేశంలో లక్ష జనాభాకు ఒక్క సైకియాట్రిస్టు కూడా లేరు. అదే సర్వేలో 13 నుంచి 17 ఏళ్ల పిల్లల్లో 7.3 శాతం మందికి ఏదో ఒక మానసిక రుగ్మత ఉందని తేలింది. రుగ్మత దాకా పోకుండా రందితో నలిగిపోయే పిల్లలు ఆ లెక్కలోకి రానే రారు. కౌన్సెలర్‌ను నియమించడం ఒక ఎత్తు, ఆ కౌన్సెలర్ పిల్లతో ఏం మాట్లాడతారన్నది ఇంకో ఎత్తు. మన బడుల్లో ఇన్నాళ్లూ జరిగింది ఎక్కువగా హితబోధ. పిల్లను నిలబెట్టి, ఇంట్లోవాళ్లను పిలిపించి, కష్టపడి చదవమని, సెల్‌ఫోన్ మానమని చెప్పి పంపడం. విన్నదంతా నిజమే అయినా, అందులో ఆ పిల్ల రేపు పొద్దున చేయగలిగింది ఒక్కటీ ఉండదు.

పరిష్కారం మీద దృష్టి పెట్టే కౌన్సెలింగ్ ఇక్కడి నుంచే దారి మారుస్తుంది. అమెరికాలోని మిల్వాకీలో స్టీవ్ డి షేజర్, కొరియాలో పుట్టి అమెరికాలో స్థిరపడిన ఇన్సూ కిమ్ బర్గ్ దంపతులు తమ సహచరులతో కలిసి 1978లో ఒక కుటుంబ చికిత్సా కేంద్రం పెట్టారు. ముందుగా సిద్ధాంతం రాసుకుని తర్వాత మనుషులకు అన్వయించడం వారి తీరు కాదు. గదిలో ఒకరు మాట్లాడుతుంటే, అద్దం అవతలి నుంచి మిగతావారు గమనించేవారు. ఏ ప్రశ్న వేసినప్పుడు ఎదుటి మనిషి ముందుకు కదిలాడు, ఏ ప్రశ్నకు ముడుచుకుపోయాడు అని రాసుకునేవారు. అలా ఏళ్ల తరబడి చూడగా వారికి తేలింది ఒకటే. సమస్య మూలాల్లోకి ఎంత లోతుగా దిగినా పరిష్కారం దొరుకుతుందన్న హామీ లేదు. సమస్య తక్కువగా ఉన్న రోజులు మాత్రం ప్రతి మనిషికీ ఉంటాయి. ఆ రోజుల్లో అతను ఏం చేశాడో అతని చేతే చెప్పించి, దాన్నే ఇంకొంచెం ఎక్కువ చేయిస్తే సంగతి కదులుతుంది. మూడు నుంచి ఐదారు భేటీలలో పని ముగించడం ఈ పద్ధతికి అలవాటు. ఏళ్ల తరబడి చికిత్సకు వచ్చే తీరికా స్తోమతా లేనివారికి ఇది అందుకే నప్పింది.

తిమ్మాజిపేట లాంటి చోట ఈ సంభాషణ ఎలా నడుస్తుందో ఊహించి చూద్దాం. పిల్ల అంటుంది: ‘లెక్కలంటేనే బుగులైతది మేడం, ఏం యాదికుంటలేదు.’ మామూలుగా మనం ఎందుకని అడుగుతాం. ఎందుకని అడిగితే పిల్లకు అది విచారణలా వినిపిస్తుంది, ఏదో ఒక సంజాయిషీ చెబుతుంది. ఈ పద్ధతిలో కౌన్సెలర్ అడిగేది వేరు. ‘బుగులు కొంచెం తక్కువైన రోజు ఈ పదిహేను రోజులల్ల ఎన్నడన్న ఉండెనా?’ పిల్ల చాలాసేపు ఆలోచిస్తుంది. ఆలోచించనివ్వాలి, తొందరపడి మనం జవాబు అందించకూడదు. ‘మొన్న మంగళారం ఉండె’ అంటుంది. ఆ రోజు ఏం జరిగింది? పక్కింటి అక్క దగ్గర కూర్చుని రెండు లెక్కలు ముందే చేసుకుని వచ్చింది. అక్క దగ్గరికి ఎవరు పొమ్మన్నారు? ఎవరూ కాదు, తనే పోయింది. ఇక్కడ కౌన్సెలర్ ఆగి, ‘నీ అంతల నువ్వే పోయినవా!’ అని నిజంగా ఆశ్చర్యపడాలి. ఎందుకంటే ఆ పిల్ల తనకు తానుగా ఒక మార్గం కనిపెట్టింది, కానీ అది మార్గమని ఆమెకే తెలియదు. అప్పటిదాకా తన ఖాతాలో ఓటములే ఉన్నాయనుకున్న పిల్ల ముందుకు మొదటిసారి ఆమె చేసిన పనే వచ్చి నిలుస్తుంది. వారానికి ఒకసారి అక్క దగ్గరికి పోవడం రెండుసార్లు కాగలదా అన్నది ఆ తర్వాతి మాట. దానికి జవాబు కూడా పిల్లే చెప్పాలి.

ఈ పద్ధతికి గుండెకాయ కొలత ప్రశ్న. సున్నా అంటే అసలు చేతగాని స్థితి, పది అంటే నిబ్బరంగా ఉన్న స్థితి. ఇయ్యాల ఏ అంకె మీద ఉన్నవ్ బిడ్డా అని అడగడం. పిల్ల మూడు అంటుంది. మార్కుల లోకంలో పెరిగిన మన నోటికి వెంటనే వచ్చే మాట, ‘మూడేనా, ఏడెందుకు కాలేదు?’ అని. ఆ ఒక్క మాటతో కౌన్సెలింగ్ కాస్తా పరీక్షల వాల్యుయేషన్ అయిపోతుంది. డి షేజర్, బర్గ్ బృందం నేర్పింది దీన్ని తిరగేసి అడగడం: ‘మూడా? సున్నా ఎందుకు కాలేదు?’ ఆ పిల్లను మూడు దాకా తెచ్చినవేవో ఉన్నాయి కదా. అవి ఒక్కొక్కటీ బయటికి వస్తాయి. సైన్స్ సారు మంచిగ చెప్తడు. నాయనమ్మ పొద్దుగాల లేపుతది. దోస్తు నోట్సు ఇస్తది. వీటిలో ప్రతి ఒక్కటీ రేపటికి పనికొచ్చే సామగ్రి. ఆ తర్వాత అడగాల్సింది పది గురించి కాదు, నాలుగు గురించి. ‘నాలుగు మీదికి వస్తే నీకెట్ల తెలుస్తది? నీ కంటే ముందుగాల ఎవరు గుర్తుపడ్తరు?’ పిల్ల ‘క్లాసుల చెయ్యెత్తుత మేడం’ అని చెప్పవచ్చు. మార్చిలో అన్నిట్లో మంచి మార్కులు తేవాలన్న లక్ష్యం ఆ పిల్లను కుంగదీస్తే, గురువారం లోపు ఒకసారి చెయ్యెత్తాలన్న లక్ష్యం ఆమె చేతిలో ఉంది. ఇందులో గమనించాల్సింది ఇంకోటి ఉంది. ఈ అంకెను వేసింది పిల్లే. ఆమెకు ఎవరో వేయని అంకె బడి మొత్తంలో ఇదొక్కటే. అందుకే ఈ అంకెను రిజిస్టరులో ర్యాంకుగా మార్చినా, హెడ్మాస్టరుకు నివేదికగా పంపినా పద్ధతి అక్కడితో చచ్చిపోతుంది.

అన్నిటికన్నా పేరుపడింది, అన్నిటికన్నా ఎక్కువగా అపార్థానికి గురైంది అద్భుత ప్రశ్న. నువ్వు నిద్రలో ఉండగా ఏదో అద్భుతం జరిగి నీ రంది అంతా పోయిందనుకో, పొద్దున లేవగానే దేన్ని చూసి అది జరిగిందని తెలుసుకుంటావు అని అడగడం. వినడానికి ఇది పేదపిల్లతో ఆడుకోవడంలా ఉంటుందన్న అనుమానం సహజం. ముంబయిలోనో పుణెలోనో అడ్డా మీద కూలి చేస్తున్న తల్లి ఉన్న పిల్లను ఇలా అడిగితే ‘మా అమ్మ ఇంటికొస్తది’ అంటుంది. కౌన్సెలర్ గుండె అక్కడ ఆగుతుంది. అమ్మను తెచ్చివ్వడం తన చేతిలో లేదు. చాలామంది ఇక్కడే మాట మార్చేస్తారు. పద్ధతి చెప్పేది ఇంకొక్క అడుగు వేయమని: ‘అమ్మ ఇంటికొస్తే పొద్దున ఏం మారుతది?’ పిల్ల చెబుతుంది. జడ వేస్తది. తిన్నవా అని అడుగుతది. రాత్రి చదువుతుంటే పక్కన కూసుంటది. అమ్మ రాలేకపోవచ్చు. కానీ తిన్నవా అని అడిగే మనిషి, రాత్రి చదివేటప్పుడు పక్కన కూర్చునే మనిషి ఊళ్లో ఎవరైనా ఉండగలరా అన్న ప్రశ్నకు జవాబు ఉంటుంది. అత్త ఉంది, పెద్దమ్మ ఉంది, రోజూ రాత్రి ఎనిమిదింటికి అమ్మ ఫోన్ చేసే వీలుంది. అద్భుతాన్ని ఇలా నిత్యజీవితంలోని చిన్న పనులుగా విడదీయడమే ఈ ప్రశ్న ప్రయోజనం. విడదీసే ఓపిక లేనివారు దీన్ని అడగకపోవడమే మంచిది. ఇక రంది తక్కువైన రోజు ఒక్కటీ గుర్తుకు రాని, ఏ ఊహా రాని పిల్లలకు ఇంకో ప్రశ్న ఉంది: ఇంత కష్టంలోనూ నువ్వు రోజూ బడికి ఎట్ల వస్తున్నవు? తట్టుకున్న తీరును అడిగే ఈ ప్రశ్న కష్టాన్ని చిన్నబుచ్చదు, మోస్తున్న మనిషిని గుర్తిస్తుంది.

దీనికి రుజువులున్నాయా? ఉన్నాయి, కానీ ఉన్నంత మేరకే చెప్పుకోవాలి. వాలెస్ జింగరిచ్, లాన్స్ పీటర్సన్ 2013లో 43 అధ్యయనాలను ఒకచోట చేర్చి సమీక్షించారు. వాటిలో 32 గణనీయమైన మేలు చూపాయి. అంతకుముందు 2008లో జానీ కిమ్ 22 అధ్యయనాలను కలిపి లెక్కగట్టినప్పుడు ఫలితం మేలు వైపే ఉన్నా, దాని పరిమాణం చిన్నది. ఆందోళన, దిగులు, తన మీద తనకు నమ్మకం లేకపోవడం వంటి లోలోపలి బాధల్లో మాత్రమే అది గణాంకపరంగా నిలబడింది. మనం మాట్లాడుతున్నది సరిగ్గా ఆ బాధల గురించే. అమెరికాలోని ఆస్టిన్‌లో చదువు మధ్యలో మానేసే ప్రమాదం ఉన్న పిల్లల కోసం పెట్టిన గార్జా ఉన్నత పాఠశాల ఈ పద్ధతినే బడి మొత్తానికి పాటించింది. అక్కడి పిల్లలు పోల్చిచూసిన తోటి పిల్లల కంటే ఎక్కువ క్రెడిట్లు సంపాదించారని సింథియా ఫ్రాంక్లిన్ బృందం 2007లో నమోదు చేసింది. పాత అధ్యయనాల్లో చాలావాటి నాణ్యత సాదాసీదాదే అన్న విమర్శలో నిజం ఉంది. ఇది సర్వరోగ నివారిణి అని చెప్పేవారిని నమ్మనక్కర్లేదు. తక్కువ సమయంలో, తక్కువ ఖర్చుతో, హాని తక్కువగా, కొంత మేలు చేసే మొదటి సాయం అని చెప్పడానికి మాత్రం ఈ ఆధారం చాలు.

మనకు ఇంకా దగ్గరి రుజువులు మన దేశంలోనే ఉన్నాయి. ఢిల్లీలోని ఆరు ప్రభుత్వ పాఠశాలల్లో 250 మంది పిల్లలతో ‘సంగత్’ సంస్థ పరిశోధకులు చేసిన ప్రయోగం ఫలితాలు 2020లో వచ్చాయి. అది అచ్చంగా ఈ పద్ధతి కాదు, సమస్యను మెట్లవారీగా ఛేదించడం నేర్పే దాని దగ్గరి బంధువు. మనస్తత్వ నిపుణులు కాని, శిక్షణ పొందిన మామూలు కౌన్సెలర్లే ఒక్కొక్కరితో 20-30 నిమిషాల చొప్పున నాలుగైదుసార్లు కూర్చున్నారు. పిల్లలు తమను ఎక్కువగా బాధిస్తున్నవని స్వయంగా చెప్పిన సమస్యల తీవ్రత ఆరు వారాలకు, పుస్తకాలు మాత్రమే ఇచ్చిన పిల్లలతో పోలిస్తే, స్పష్టంగా తగ్గింది. మొత్తం మానసిక లక్షణాల కొలమానంలో అంత తేడా రాలేదని కూడా వారే రాశారు. బిహార్‌లోని నలందా జిల్లాలో జరిగిన మరో ప్రయోగం ఇంకా పెద్దది, మనకు ఇంకా ముఖ్యమైంది. తొమ్మిదో తరగతి పిల్లలు దాదాపు 13 వేల మంది ఉన్న ప్రభుత్వ పాఠశాలల్లో ఒకే కార్యక్రమాన్ని కొన్నిచోట్ల బయటి నుంచి వచ్చిన శిక్షితులైన మామూలు కౌన్సెలర్లు, కొన్నిచోట్ల ఆ బడి ఉపాధ్యాయులే నడిపారు. 2018లో లాన్సెట్‌లో వచ్చిన ఫలితాల ప్రకారం కౌన్సెలర్లు నడిపిన బడుల్లో వాతావరణం మెరుగైంది, దిగులు, ఏడిపించడాలు తగ్గాయి. ఉపాధ్యాయులు నడిపిన చోట తేడా లేదు.

ఈ ఫలితం ఉపాధ్యాయులను తప్పుపట్టడానికి కాదు, వారి మీద ఇంకో బాధ్యత వేసే ముందు ఆలోచించడానికి. 2020లో మొదలైన పాఠశాల ఆరోగ్య కార్యక్రమం కింద ప్రతి బడిలో ఇద్దరు టీచర్లను ఆరోగ్య రాయబారులుగా ఎంపిక చేయాలన్నారు. మంచిదే. అయితే పొద్దున మార్కులు వేసి, మధ్యాహ్నం హోంవర్క్ అడిగి, సాయంత్రం ‘నీ రంది నాకు చెప్పు బిడ్డా’ అంటే పిల్ల ఎంతవరకు చెబుతుంది? ఉపాధ్యాయుడి మీద కూడా ఉత్తీర్ణత శాతం అనే బరువు ఉంది. పిల్ల మూడు నుంచి నాలుగుకు వచ్చిందంటే అతనికి సంతోషమే, కానీ అతన్ని పైవారు అడిగేది ఆ నాలుగును కాదు. కాబట్టి మండలానికి ఇద్దరు ముగ్గురు స్థానిక పట్టభద్రులకు, ముఖ్యంగా ఈ ప్రాంతం మాట మాట్లాడే యువతులకు, శిక్షణ ఇచ్చి హైస్కూళ్లకు, కస్తూర్బా విద్యాలయాలకు వారంలో నిర్ణీత రోజుల్లో పంపడం మేలు. పిల్ల ‘పరేషానైతున్న’ అంటే ఆ మాటలో ఎంత బరువుందో వేరే చోటి నుంచి వచ్చినవారి కంటే వారికే త్వరగా తెలుస్తుంది. ఉపాధ్యాయులు చేయగలిగింది చేయకూడదని దీనర్థం కాదు. తరగతిలో ఏది బాగా జరిగిందో గమనించి పేరుపెట్టి చెప్పడం, ‘ఏడెందుకు కాలేదు’ అన్న ప్రశ్నను మానడం ఎవరైనా రేపటి నుంచి చేయవచ్చు.

అసలైన అభ్యంతరం వేరే ఉంది. పాలమూరు పిల్ల బాధ ఆమె మనసులో లేదు, పేదరికంలో ఉంది. అంకెలు అడిగి ఆమెనే మార్చాలనుకోవడం అన్యాయం అంటారు. ఈ మాటను తేలిగ్గా తీసేయడానికి లేదు. 2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లా అక్షరాస్యత దాదాపు 55 శాతం, అప్పటి ఉమ్మడి రాష్ట్రంలో అట్టడుగు. గద్వాల వైపు సీడు పత్తి చేలల్లో పూలకు చేత్తో క్రాసింగ్ చేసే రోజుల్లో బడుల్లో బెంచీలు ఖాళీ అవడం దశాబ్దాలుగా అందరికీ తెలిసిన సంగతి. వలస కుటుంబాల పిల్లల కోసం సీజనల్ హాస్టళ్లు పెట్టాల్సి వచ్చిన నేల ఇది. నీళ్లు, కూలి, అప్పు అనే మూడింటి ముందు ఏ ప్రశ్నా నిలవదు. ఆకలితో ఉన్న పిల్లకు కావాల్సింది అన్నం, కౌన్సెలింగ్ కాదు. అది ఒప్పుకోవాల్సిందే. కానీ వలస ఆగేదాకా, ప్రాజెక్టుల నీళ్లు చివరి చేనుకు చేరేదాకా ఈ ఏడాది పదో తరగతి చదివే పిల్ల ఆగలేదు కదా. ఆమెకు ఉన్న పరీక్ష ఈ మార్చిలోనే. పైగా పేదరికాన్ని తలచుకుని ఆమెను కేవలం బాధితురాలిగా చూడటంలో ఒక చిన్నచూపు దాగి ఉంది. నాయనమ్మను చూసుకుంటూ, తమ్ముడికి అన్నం పెట్టి, రెండు కిలోమీటర్లు నడిచి బడికి వచ్చే పిల్ల దగ్గర బోలెడంత నేర్పు ఉంది. దాన్ని మార్కుల జాబితా చూడదు, ఈ ప్రశ్నలు చూస్తాయి.

మెచ్చుకోలు ఎక్కువైతే పిల్లలు నిజం నుంచి దూరమవుతారన్న భయం కూడా వినిపిస్తుంది. ఉత్త పొగడ్త అయితే తప్పకుండా అవుతారు. చేయని పనికి భేష్ అంటే అది అబద్ధమని పిల్లకే ముందు తెలుస్తుంది. చేసిన పనికి, చేసినంతకే, ఎలా చేశావని అడగడం ఈ పద్ధతి కోరేది.

ఇక్కడ గట్టిగా గీయాల్సిన గీత ఒకటి ఉంది. చచ్చిపోవాలనిపిస్తోందని పిల్ల అన్నా, అన్నట్టు అనిపించినా, అది ఈ పది నిమిషాల సంభాషణతో ముగించే విషయం కాదు. ఆ మాట నేరుగా అడగాలి. అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందన్నది అపోహ. అడగడం వల్ల ప్రమాదం పెరగదని, పిల్లకు ఊరట దొరుకుతుందని పరిశోధనలు చెబుతున్నాయి. పిల్లను ఒంటరిగా వదలకూడదు, ఇంట్లో నమ్మదగిన పెద్దవారికి చెప్పాలి, అదే రోజు డాక్టరు దగ్గరికి చేర్చాలి. 2022 నుంచి పనిచేస్తున్న ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ నంబరు 14416కు ఎప్పుడైనా, రుసుము లేకుండా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు. నాగర్‌కర్నూల్, వనపర్తిలలో 2022 నుంచి ప్రభుత్వ వైద్య కళాశాలలున్నాయి, గద్వాలకూ 2024లో ఒకటి వచ్చింది. వైద్య కళాశాల ఉన్నచోట మానసిక వైద్య విభాగం ఉండాలి. ఏ బడి పిల్లను ఏ విభాగానికి, ఎవరి ద్వారా పంపాలో కాగితం మీద ముందే రాసిపెట్టుకోవడమే సుప్రీంకోర్టు చెప్పిన అనుసంధానం. ఎవరైనా తనను లైంగికంగా వేధిస్తున్నారని పిల్ల చెబితే గోప్యత మాటే రాదు. 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం తెలిసినవారు పోలీసులకు చెప్పి తీరాలి. పిల్లల సాయానికి 1098 కూడా ఉంది. గోప్యతకు ఉన్న ఈ మినహాయింపులన్నీ మొదటి రోజే పిల్లకు చెప్పడం మర్యాద. తర్వాత చెబితే అది నమ్మకద్రోహం.

ఇక వేళ గురించి. మన బడుల్లో పిల్లల ఒత్తిడి అందరికీ గుర్తొచ్చేది ఫిబ్రవరిలో, ప్రీ-ఫైనల్ పరీక్షలప్పుడు. అప్పటికి వెనకబడిన పిల్ల ఎంత వెనకబడాలో అంతా వెనకబడి ఉంటుంది, వలసపోయిన తల్లిదండ్రులు వందల మైళ్ల దూరంలో ఉంటారు. పాలమూరులో కౌన్సెలింగ్ క్యాలెండరు వ్యవసాయ క్యాలెండరును అనుసరించాలి. జూన్‌లో బడి తెరిచిన నెలలోపే పదో తరగతి పిల్లలందరితో ఒక్కొక్కరితో పది నిమిషాల చొప్పున ఒక విడత మాట్లాడవచ్చు. అందరితో అంటే, ఎంపిక చేసి పిలిచిన కొందరి మీద పడే మచ్చ కూడా ఉండదు. గద్వాల వైపైతే క్రాసింగ్ పని మొదలయ్యే ముందు, తిమ్మాజిపేట వైపైతే పెద్దలు మూటలు కట్టే ముందు రెండో విడత. తల్లిదండ్రులు ఎదురుగా ఉన్నప్పుడే పిల్లకు రాత్రిపూట తోడెవరు, ఫోన్ ఎన్నింటికి అన్నది వాళ్ల చేతే నిర్ణయింపజేయాలి. తర్వాతి భేటీల్లో మొదటి ప్రశ్న ఏం కష్టమొచ్చింది అని కాకుండా, పోయినసారి కంటే ఏం నయమైంది అని ఉండాలి. ఏమీ నయం కాలేదంటే దానికీ చోటుంది; వేసిన అడుగు పెద్దదైందేమో, ఇంకా చిన్నది వెతకాలి. మూడుసార్లు మాట్లాడినా అంకె కదలకపోతే, కింది వైపే పోతుంటే, అది నిపుణుల దగ్గరికి పంపాల్సిన గుర్తు.

పిల్లలు చెప్పే జవాబుల్లో బడికి కూడా పాఠం ఉంటుందన్నది చాలామంది గమనించని సంగతి. ఒక పిల్ల, ‘సాయంత్రం క్లాసు లేని రోజు మంచిగ చదువుత’ అంటే అది ఆమె స్వభావం అనుకోవచ్చు. తరగతిలో పదిమంది అదే మాటంటే అది టైంటేబుల్‌లోని లోపం. చీకటి పడ్డాక ఇంటికి నడిచిపోవాలన్న బుగులు ఆ పదిమందికీ ఉండి ఉంటుంది. ప్రత్యేక తరగతిని పొద్దుటికి మార్చాలా, ఊరి బస్సు వేళకు ముగించాలా అన్నది హెడ్మాస్టరు తేల్చాలి. పేర్లు లేకుండా, అంకెలు లేకుండా, ఏయే రోజుల్లో పిల్లలకు నయంగా ఉంటోందన్న ఒక్క పేజీ నెలకోసారి ఉపాధ్యాయుల సమావేశంలో ముందుకు రావాలి. పరిష్కారాన్ని పిల్ల భుజాల మీదే వదిలేయకుండా బడి కూడా తన వంతు మోయడం అప్పుడే మొదలవుతుంది, పేదరికం మాట ఎత్తి అభ్యంతరం చెప్పేవారికి ఇవ్వగలిగిన నిజమైన జవాబు కూడా అదే. ఇందుకు కావాల్సింది తలుపు వేసుకోగల చిన్న గది, రెండు కుర్చీలు, కొన్ని వారాల శిక్షణ, ఆ తర్వాత నెలకోసారి ఒక మనస్తత్వ నిపుణుల పర్యవేక్షణ. కోర్టు ఆదేశాన్ని అమలు చేస్తూ ప్రభుత్వం రేపు కౌన్సెలర్లను నియమిస్తే, ఆ నియామక పత్రంలోనే ఒక షరతు రాయాలి. ఈ ఉద్యోగికి పరీక్షల డ్యూటీ, ఆన్‌లైన్ హాజరు నమోదు, మధ్యాహ్న భోజనం లెక్కలు అప్పగించరాదని, ఏ పిల్లకూ మార్కులు వేసే పని వారికి ఇవ్వరాదని.